జ్వరాన్ని గంభీరంగా తీసుకోవచ్చా?

ఈ నెల వచ్చిన ఉత్తరాల్లో ఆరు ఒకే మాట చుట్టూ తిరిగాయి. ఆ మాట 'సీరియస్'. అందుకని సంధుల మీద, సామెతల మీద వచ్చిన ప్రశ్నలను వచ్చే నెలకు ఉంచి, ఈసారి దీనికే జవాబులు రాస్తున్నాను. నేను ముప్పై ఒక్క ఏళ్ళు జిల్లా పరిషత్ హైస్కూళ్ళలో తెలుగు చెప్పినదాన్ని. ఈ మాటతో నాకు సొంతంగా ఒక పాత బాధ ఉంది. అది చివరి ఉత్తరం దగ్గర చెబుతాను.

ప్రశ్న: టీచర్ గారూ, మా ఊళ్ళో డెంగీ మీద కరపత్రం వేస్తున్నాం. ఇంగ్లిషులో 'టేక్ ఫీవర్ సీరియస్లీ' అని ఉన్నదాన్ని కంప్యూటర్‌లో పెడితే 'జ్వరాన్ని గంభీరంగా తీసుకోండి' అని వచ్చింది. మా ఆశా కార్యకర్త చదివి, 'జ్వరాన్ని తీసుకోవడం ఏంది మేడమ్, మందులు గదా తీసుకునేది' అంది. సీరియస్‌కు సరైన తెలుగు మాట ఏది?
– ఒక పాఠకురాలు, హనుమకొండ జిల్లా

జవాబు: మీ ఆశా కార్యకర్త అడిగింది చాలా మంచి ప్రశ్న. కరపత్రం అచ్చుకు పంపే ముందు మొత్తం ఆమెతో చదివించండి. ఆమె ఎక్కడ ఆగితే అక్కడ మార్చండి.

సీరియస్‌కు సరిపోయే ఒక్క మాట కోసం వెతకడం దగ్గరే చిక్కంతా వస్తోంది. అలాంటి మాట తెలుగులో లేదు, లేకపోవడం లోటూ కాదు. మనం ఆ భావాన్ని చాలాసార్లు 'కాదు', 'వద్దు' అనే మాటలతో చెబుతాం. 'ఇది చిన్న విషయం కాదు.' 'ఇల్లు కట్టడమంటే ఆషామాషీ కాదు.' 'వాడి మాట కొట్టిపారేయకు.' 'తేలిగ్గా తీసుకోవద్దు.' తేలికతనం లేదని చెబితే చాలు, బరువు దానంతట అదే తెలుస్తుంది. అవునని చెప్పాల్సి వస్తే 'పట్టించుకోవడం' అనే చక్కని క్రియ ఉంది. లెక్కచేయడం, ఖాతరు చేయడం కూడా ఆ దారిలోవే. మా అమ్మకు సీరియస్ అనే మాట నోరు తిరిగేది కాదు. 'ఒళ్ళు దగ్గర పెట్టుకుని చదువు', 'మనసు పెట్టి చెయ్యి', 'చెప్పింది చెవిన పెట్టు' అంటూనే ఐదుగురు పిల్లల్ని ఒక దారికి తెచ్చింది.

కాబట్టి మీ కరపత్రంలో 'జ్వరాన్ని అశ్రద్ధ చేయకండి' అని రాయండి. 'జ్వరమే కదా అని ఊరుకోకండి' అంటే ఇంకా బాగుంటుంది, ఎందుకంటే జనం సరిగ్గా ఆ మాటే అనుకుని ఊరుకుంటారు. దాని కిందే ఏం చేయాలో కూడా రాయండి. రెండేళ్ళ కిందట మా మనవడికి డెంగీ వచ్చినప్పుడు డాక్టరు గారు మాకు చెప్పింది నేను మర్చిపోలేదు. డెంగీలో జ్వరం తగ్గే రోజుల్లోనే ప్రమాదం ఎక్కువట. జ్వరం తగ్గిందని మేము సంబరపడుతున్నప్పుడు ఆయన మమ్మల్ని కూర్చోబెట్టి, కడుపులో బాగా నొప్పి వచ్చినా, వాంతులు ఆగకపోయినా, చిగుళ్ళ నుంచి గానీ ముక్కు నుంచి గానీ రక్తం వచ్చినా, పిల్లాడు మరీ మత్తుగా ఉన్నా వెంటనే తీసుకురమ్మన్నారు. 'సీరియస్' అని ఒక్క మాటతో సరిపెట్టి ఉంటే మాకు భయం వేసేదే తప్ప ఏం చూడాలో తెలిసేది కాదు.

ఇక గంభీరం. కంప్యూటర్ ఇచ్చిన మాట తప్పు మాట కాదు, తప్పు చోటు. అమరసింహుడు కూర్చిన సంస్కృత నిఘంటువు అమరకోశంలో ఈ మాట మనుషుల వర్గంలో కాదు, నీళ్ళ వర్గంలో వస్తుంది. 'నిమ్నం గభీరం గంభీరం' అని వారివర్గంలో ఉంటుంది, వారి అంటే నీరు. మూడింటికీ లోతైనది అనే అర్థం. లోతులేని దానికి అక్కడే 'ఉత్తానం' అనే మాట ఇచ్చాడు. రామాయణం మొదటి సర్గలో నారదుడు రాముణ్ణి వర్ణిస్తూ 'సముద్ర ఇవ గాంభీర్యే' అంటాడు. గాంభీర్యంలో సముద్రం లాంటివాడని. ముఖం ముడుచుకుని ఉంటాడని కాదు, లోపల ఏముందో పైకి అంతు చిక్కదని. మనం 'నిండు కుండ తొణకదు' అనేదీ ఇలాంటి మనిషినే.

మాది రేపల్లె పక్కన ఊరు. కాలువ దాటాల్సి వస్తే మా నాన్న ముందు వెదురుగడ దించి చూసేవాడు. గడ మునిగిపోయిన చోట నీళ్ళు నల్లగా, చప్పుడు లేకుండా ఉండేవి. మోకాలి లోతు చోటే గలగలమనేది. పాఠంలో గంభీరం అనే మాట వచ్చినప్పుడల్లా నేను పిల్లలకు ఆ గడ గురించే చెప్పేదాన్ని. గంభీరమైన గొంతు, గంభీరమైన మనిషి, గంభీరమైన మౌనం. ఇవన్నీ లోతు ఉన్నవి. జ్వరానికి లోతు ఏముంటుంది?

జ్వరానికి ఉండేది తీవ్రత. తీవ్రం అంటే వేగం, తీక్షణత, ఉద్ధృతి. అది ఎంత ఉందో కొలవవచ్చు. తుపాను వార్తలు వినండి. వాయుగుండం, తీవ్ర వాయుగుండం, తుపాను, తీవ్ర తుపాను, అతి తీవ్ర తుపాను. ఇవి భయపెట్టడానికి పెంచుకుంటూ పోయిన మాటలు కావు. గాలి గంటకు 62 నుంచి 88 కిలోమీటర్ల వేగంతో వీస్తే తుపాను, 89 నుంచి 117 దాకా ఉంటే తీవ్ర తుపాను. 1977 నవంబరు 19న దివిసీమను ఉప్పెన ముంచినప్పుడు నేను డిగ్రీ చదువుతున్నాను. మా తీరం వాళ్ళకు ఈ మాటల మధ్య తేడా పుస్తకాల్లోది కాదు. తీవ్ర తుపాను అంటే పశువుల కట్లు విప్పి వదలాలి.

చట్టంలో కూడా తీవ్ర గాయం అంటే నిర్ణయించిన కొలత ఉంది. ఎముక విరిగినా, పన్ను విరిగినా తీవ్ర గాయమే. పాత శిక్షాస్మృతి ప్రకారం 20 రోజులు తీవ్రమైన నొప్పితో బాధపడినా, రోజూ చేసుకునే పనులు చేసుకోలేకపోయినా ఆ లెక్కలోకి వచ్చేది. 2024 జులై 1 నుంచి అమల్లోకి వచ్చిన భారతీయ న్యాయ సంహితలో అది 15 రోజులైంది. ఆ ఒక్క మాట మీద శిక్ష మారుతుంది. అందుకే 'తీవ్రం' అనే మాటను ఊరికే వాడకూడదని నా పట్టు.

ప్రశ్న: పేపర్లో 'హైకోర్టు సీరియస్', 'అధికారులపై మంత్రి సీరియస్' అని హెడ్డింగులు పెడుతున్నారు. సీరియస్ అంటే కోపమని ఏ డిక్షనరీలో ఉంది?
– ఒక రిటైర్డ్ ఉద్యోగి, ఒంగోలు

జవాబు: మన వాడుకలో ఉంది. 'మా సార్ సీరియస్ అయ్యాడు' అంటే కోప్పడ్డాడనే అర్థం. ఇంగ్లిషులో ఈ అర్థం లేదు, మనం పెట్టుకున్నదే. నవ్వుతూ ఉండే మనిషి ముఖం ఒక్కసారిగా బిగుసుకుంటే సీరియస్‌గా ఉన్నాడంటాం. అక్కడి నుంచి కోపానికి ఒక్క అడుగే. ఈ అర్థం అలా పుట్టిందని నేననుకుంటాను. మాట్లాడుకునేటప్పుడు వాడితే నాకేమీ అభ్యంతరం లేదు. తెలంగాణలో 'సార్ గరం అయిండు' అన్నట్టే ఇదీ ఒక నుడి.

పత్రికలో మాత్రం నాకు బాధగా ఉంటుంది. కారణం ఏమిటంటే, కోర్టు నిజంగా ఏం చేసిందో ఆ హెడ్డింగు చెప్పదు. అసంతృప్తి తెలిపిందా? తప్పుబట్టిందా? ఆక్షేపించిందా? మందలించిందా? హెచ్చరించిందా? ఆగ్రహించిందా? ఒక్కోటి ఒక్కో మెట్టు. తప్పుబట్టినప్పుడు సరిదిద్దుకుంటే సరిపోతుంది. హెచ్చరించిందంటే తర్వాత ఇంకేదో రాబోతోందని అర్థం. ఈ ఆరు మెట్లనూ చదునుచేసి ఒకే మాట పరిస్తే, మన ఊరి చెరువు కబ్జా కేసు ఎక్కడిదాకా వచ్చిందో చదివేవాడికి ఎలా తెలుస్తుంది? ఇళ్ళలో కూడా మనకు ఎన్ని మాటలున్నాయో చూడండి. విసుక్కోవడం, చిరాకు పడడం, కసురుకోవడం, కస్సుమనడం, గదమాయించడం, మండిపడడం, విరుచుకుపడడం. మా అత్తగారు విసుక్కుంటే నేను నవ్వి ఊరుకునేదాన్ని. కసిరితే ఆ పూట మాట్లాడేదాన్ని కాదు. రెండూ ఒకటే అంటే నేను ఒప్పుకోను.

ప్రశ్న: నేను పదో తరగతి చదువుతున్నాను. 'పరిస్థితి విషమం' అంటారు కదా, అందులో విషం ఉందా మేడమ్?
– ఒక విద్యార్థిని, నంద్యాల

జవాబు: లేదు తల్లీ. వినడానికి అలా ఉంటుంది గానీ అది వి, సమం కలిసిన మాట. సమంగా లేనిది, ఎగుడుదిగుడుగా ఉన్నది విషమం. అన్ని పాదాలూ ఒకేలా ఉండే పద్యం సమవృత్తం, పాదాలు వేరువేరుగా ఉంటే విషమవృత్తం. ఆయుర్వేదంలో ఒక పద్ధతి లేకుండా వచ్చిపోయే జ్వరాన్ని విషమజ్వరం అన్నారు. ఆసుపత్రిలో ఉన్నవాళ్ళ పరిస్థితి విషమం అంటే నాడి, ఊపిరి, రక్తపోటు ఒక తీరుగా నిలవడం లేదని. బాగైతే 'నిలకడగా ఉంది' అంటారు చూడు. ఎగుడుదిగుడుకు ఎదురు నిలకడే కదా. ఎవరు జత చేశారో గానీ ఈ రెండు మాటలూ ఎంత బాగా కుదిరాయో!

నువ్వు ఛందస్సులో గురువు, లఘువు గుర్తిస్తున్నావు కదా. ఇంకొక్క సంగతి చెబుతాను. గురువు అంటే మొదటి అర్థం బరువైనది. ఆ బరువే గౌరవం. గురు నుంచే గౌరవం వచ్చింది, లఘు నుంచి లాఘవం వచ్చినట్టు. సీరియస్ అనే అర్థంలోనే ఇంగ్లిషులో 'గ్రేవ్' అనే మాట ఉంది. అది లాటిన్‌లో బరువు అని అర్థమిచ్చే 'గ్రావిస్' నుంచి వచ్చింది. ఆ గ్రావిస్, మన గురు ఒకే పాత వేరు నుంచి పుట్టినవి. తెలుగులో చులకన అన్నా తేలిక అనే అర్థం. ఒకరిని చులకన చేశామంటే వాళ్ళ బరువు తీసేశామన్నమాట.

ప్రశ్న: అమెరికాలో ఉంటాం. మా పాప మాటకు ముందు 'ఆర్ యూ సీరియస్' అంటుంది. తెలుగులో ఏమనమని నేర్పాలి?
– ఒక తల్లి, డాలస్

జవాబు: 'నిజంగానా?' అనమనండి. ఆశ్చర్యం ఎక్కువైతే 'ఒట్టు?' అనవచ్చు. అమ్మమ్మతో అయితే 'నిజంగానా అమ్మమ్మా, ఊరికే అంటున్నావా?' అంటే అమ్మమ్మ కథంతా మళ్ళీ మొదటి నుంచి చెబుతుంది.

ప్రశ్న: స్కూల్లో పేరెంట్స్ మీటింగ్‌కు పోతే 'మీ అబ్బాయిలో సీరియస్‌నెస్ లేదు' అన్నారు. తొమ్మిదో తరగతి. అప్పటి నుంచి ఇంట్లో ఒకటే టెన్షన్. అసలు వాళ్ళు ఏమన్నట్టు?
– ఒక తండ్రి, కరీంనగర్

జవాబు: అది ఆ మాటన్న టీచర్‌నే అడగాలి, తప్పకుండా అడగండి. శ్రద్ధ లేదా? ఏకాగ్రత నిలవడం లేదా? పట్టుదల లేదా? పరీక్ష అంటే భయం లేదా? లేక క్లాసులో నవ్వుతున్నాడా? ఇవి ఐదు వేరువేరు సంగతులు, ఐదు వేరువేరు మందులు. ఏకాగ్రత నిలవకపోతే ముందు కళ్ళ పరీక్ష చేయించాలి. బోర్డు కనపడని పిల్లలు దిక్కులు చూస్తారు. పరీక్ష భయం లేకపోవడం నా దృష్టిలో లోపమే కాదు.

శ్రద్ధ చాలా పాత మాట, వేదంలో ఉన్న మాట. మనసు దాని మీద ఉంచడం అని దాని లోపలి అర్థం. పెద్దలకు పెట్టే శ్రాద్ధానికి ఆ పేరు వచ్చింది కూడా శ్రద్ధతో చేసేది కాబట్టే. అందులో ముఖం గంటు పెట్టుకోవడం ఎక్కడా లేదు.

1994లో నా తొమ్మిదో తరగతిలో ఒక అబ్బాయి ఉండేవాడు. ఎప్పుడు చూసినా నవ్వే. పద్యం చెబుతుంటే నవ్వు, ప్రశ్న అడిగితే నవ్వు. రెండుసార్లు బయట నిలబెట్టాను. మార్చిలో నోటు పుస్తకాలు దిద్దడానికి తెచ్చుకుంటే, వాడి పుస్తకంలో ప్రతి పద్యం పక్కనా పెన్సిలుతో గణవిభజన చేసి ఉంది. నేను చెప్పమన్నవి నాలుగే. వాడు చేసినవి పుస్తకంలో ఉన్న పద్యాలన్నీ. మర్నాడు క్లాసులో అందరి ముందూ ఆ పుస్తకం చూపించి, నేను పొరబడ్డానని చెప్పాను. వాడు అప్పుడూ నవ్వాడు. మీ అబ్బాయి పుస్తకాలు ఒకసారి మీరే తెరిచి చూడండి.

ప్రశ్న: నేను ప్రభుత్వ ఆసుపత్రిలో నర్సును. రోగి తాలూకు వాళ్ళు ఫోన్లో 'సీరియస్సా అమ్మా?' అని అడుగుతారు. అవునంటే అటు వైపు ఏడుపు మొదలవుతుంది, కాదంటే రేపు వస్తామంటారు. తెలుగులో ఎలా చెప్పాలి?
– ఒక నర్సు, తూర్పు గోదావరి జిల్లా

జవాబు: అమ్మా, మీ ఉత్తరం మూడుసార్లు చదివాను.

1980లో నేను రాజమండ్రిలో బీఈడీ చదువుతున్నాను. ఆగస్టులో ఒక మధ్యాహ్నం హాస్టల్‌కు టెలిగ్రాం వచ్చింది. 'ఫాదర్ సీరియస్. స్టార్ట్ ఇమ్మీడియట్లీ.' ఇంగ్లిషు ముక్క రాని పల్లెటూళ్ళలో కూడా ఆ రోజుల్లో అందరికీ తెలిసిన ఇంగ్లిషు మాట అదొక్కటే. టెలిగ్రాంలో మాటకు ఇంత అని డబ్బు, కాబట్టి వివరం ఉండదు. ఇంకా ముఖ్యం, దూరాన ఉన్నవాళ్ళకు చావు కబురు సూటిగా పంపేవాళ్ళు కాదు. దారిలో ఏమైపోతారోనని సీరియస్ అని ఇచ్చేవాళ్ళు. ఈ సంగతి వార్డెన్ గారికి తెలుసు. నా చేతిలో యాభై రూపాయలు పెట్టి, తలమీద చెయ్యి వేసి, ఏమీ అనకుండా వెళ్ళిపోయారు. రైల్లో పక్కన కూర్చున్న ముసలాయనకు తెలుసు. టెలిగ్రాం చూసి, కాగితం మడిచి ఇచ్చి, కిటికీలోంచి బయటికి చూస్తూ కూర్చున్నారు. తెలియనిది నాకు ఒక్కదానికే.

సీరియస్ అంటే నేను డిక్షనరీ అర్థమే తీసుకున్నాను. జబ్బు ముదిరింది, చూపిస్తే తగ్గుతుంది అనుకున్నాను. బెజవాడ స్టేషన్లో బండి ఆగినప్పుడు నాన్నకు ఇష్టమని ఆరు బత్తాయిలు కొన్నాను. తెనాలిలో రేపల్లె బండి పట్టుకుని, ఊరు చేరేసరికి తెల్లవారింది. మా వీధి మలుపు తిరగ్గానే అరుగు మీద మగవాళ్ళు తలలు వంచుకుని కూర్చుని కనిపించారు. నాన్న అంతకు ముందు రోజు ఉదయమే పోయారు. నేను టెలిగ్రాం అందుకునేసరికే ఆయన లేరు. నా కోసం ఆపి ఉంచారు. ఆ బత్తాయిల సంచి ఎవరు తీసుకున్నారో, ఏం చేశారో నాకు గుర్తులేదు.

2013 జులైలో మన దేశంలో టెలిగ్రాం ఆగిపోయింది. ఆ మాట మాత్రం ఫోన్లోకి వచ్చి కూర్చుంది. మీరు 'సీరియస్' అంటే అటు వైపు ఏడుపు మొదలవడానికి కారణం ఇదే. నా వయసు వాళ్ళకు అది జబ్బు పేరు కాదు, చావు కబురుకు కప్పిన గుడ్డ.

అందుకని ఆ మాట మీరు అనకండి. వాళ్ళు అడిగినా అవును, కాదు అని తేల్చకండి. డాక్టరు చెప్పమన్నంతలో, కళ్ళకు కనపడేది చెప్పండి. 'తెలివిలోనే ఉన్నారు, మాట్లాడుతున్నారు.' 'తెలివి లేదు, పిలిస్తే పలకడం లేదు.' 'సొంతంగా ఊపిరి అందడం లేదు, మిషన్ పెట్టారు.' 'ప్రాణానికి భయం లేదన్నారు.' 'గండం గడిచిందని ఇంకా చెప్పడం లేదు.' మన వాళ్ళకు జబ్బులో మెట్లు బాగా తెలుసు. నలతగా ఉండడం, సుస్తీ చేయడం, మంచం పట్టడం, తీసుకోవడం (అంటే కోలుకోకుండా క్షీణించిపోవడం), కొన ఊపిరితో ఉండడం. ఏ మెట్టు దగ్గర ఉన్నారో చెబితే ఏడ్చేవాళ్ళు కూడా బస్సు టైము చూసుకుంటారు.

2011లో మా తమ్ముడు నాకు ఫోన్ చేసి, 'అక్కా, అమ్మకు ఊపిరి కష్టంగా ఉంది. తెలివిలో ఉంది. నిన్ను అడుగుతోంది. రాత్రి బండికి కాదు, ఇప్పుడే బయల్దేరు' అన్నాడు. కారు మాట్లాడుకుని వెళ్ళాను. అమ్మ నన్ను చూసింది. తిన్నావా అని అడిగింది.

'రండి' అని చెప్పేటప్పుడు ఎప్పటిలోగా రావాలో కూడా చెప్పండి. సాయంత్రంలోగానా, రేపు వచ్చినా పరవాలేదా. ఇప్పటికే పోయి ఉంటే, దగ్గరివాళ్ళు ఎవరైనా ఆ ఇంట్లో ఉన్నారేమో కనుక్కుని, వాళ్ళకు ఫోన్ ఇమ్మని, ఆ మాటే చెప్పండి.